రెండో భాగానికి ఎన్నో నంబరు

ఆ ఆదివారం సంతోష్‌కు పెద్ద పనులేమీ లేవు. పొద్దున కామారెడ్డిలో బస్సెక్కి ఎల్లారెడ్డి పోవాలి. బావ శ్రావణ్‌తో కూర్చొని ఆరు ఆటలకు నంబర్లు వేయాలి. అక్క మానస వండిన కోడికూర తిని సాయంత్రం బస్సుకు తిరిగి రావాలి. మర్నాడు ఎనిమిదో తరగతికి సోషల్ పరీక్ష ఉంది గానీ, ప్రశ్నపత్రం శనివారమే తయారుచేసి బడిలో ఇచ్చేశాడు.

నంబర్లు వేయవలసినవి ‘వైల్డ్ ఔట్‌పోస్ట్’ అనే తుపాకుల వీడియో గేమ్‌కు వచ్చిన ఆరు భాగాలు. భాగానికొక దేశం. ఒకటి సముద్రతీరం, ఒకటి అడవి, ఒకటి మంచుకొండలు. ఆ దేశంలో మనిషిని తుపాకీతో ఒంటరిగా వదిలేస్తారు. ఇటే పోవాలి, ఇదే చేయాలి అని ఉండదు. నడుచుకుంటూ పోవచ్చు, జీపు దొరికితే జీపులో పోవచ్చు, జింకల వెంట పడి ఒక పూట గడపవచ్చు. మధ్యమధ్య శత్రువుల కాపలా చౌకీలు ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా పట్టుకోవాలి. ఆట అంతా ఇంతే.

ఈ ఆటను ఇంటికి తెచ్చింది శ్రావణ్ తమ్ముడు నవీన్. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు సామానులో చీరలూ సెంటుసీసాలూ వస్తాయని ఎదురుచూసిన ఇంటివాళ్ళకు ఒక నల్లటి డబ్బా చూపించి, దీన్ని టీవీకి పెట్టుకుంటారని చెప్పాడు. సంతోష్‌కు అతను ఇంటర్ నుంచి స్నేహితుడు. మానసకు శ్రావణ్ సంబంధం కుదిరింది కూడా ఆ స్నేహం వల్లే. మస్కట్ ఉద్యోగం మానేసి వచ్చాక నవీన్, శ్రావణ్, సంతోష్ ముగ్గురికీ ప్రతి ఆదివారం అదే పని. ఆరింటిలో ఏది గొప్ప అన్న మాట మొదటి ఏడే వచ్చింది. ముగ్గురూ ఒప్పుకుంటేనే లెక్క తేలినట్టు అనుకున్నారు. నవీన్ ఎప్పుడూ రెండో భాగాన్ని ఒకటో నంబరులో పెట్టేవాడు. మిగిలిన ఇద్దరూ కొట్టినంత పని చేసేవాళ్ళు. లెక్క ఏనాడూ తేలలేదు.

నవీన్ పోయినేడు వానాకాలంలో జ్వరంతో చనిపోయాడు.

ఆ తర్వాత కూడా సంతోష్ ఆదివారాలు ఎల్లారెడ్డి పోవడం మానలేదు. ఇద్దరూ ఆడతారు, చౌకీల గురించి, జీపుల గురించి మాట్లాడుకుంటారు. నవీన్ పేరు ఎవరూ ఎత్తరు. అతని తల్లి సుగుణమ్మ ముందయితే అసలే ఎత్తరు. వారం మొత్తంలో సంతోష్ నోరు విప్పి మాట్లాడేది ఆ ఒక్కరోజే. తరగతిలో పాఠం చెప్పడాన్ని అతను మాట్లాడటం కింద లెక్క వేసుకోడు.

శనివారం శ్రావణే ఫోన్ చేశాడు. “ఏడోది వస్తుందట. దాన్ని కొనక ముందే గీ ఆరింటి లెక్క తేల్చుదం, రా.”

సంతోష్ మార్కులు వేసుకొని మరీ వెళ్ళాడు. కథకిన్ని, భూమికిన్ని, విలన్‌కిన్ని, బండ్లకిన్ని. టీవీ ముందు చాప మీద కూర్చొని, “మూడోది ఒకటో నంబర్. ఒప్పుకుంటవా?” అన్నాడు.

“రెండోది ఒకటి,” అన్నాడు శ్రావణ్, టీవీ వైపే చూస్తూ. అప్పుడు ఆడుతున్నది కూడా రెండో భాగమే.

“రెండోదా? బావ, ఆ జీపు కిలోమీటరుకొక్కసారి ఆగుతది. తుపాకీ కాలుస్తుంటె కాలుస్తుంటెనే తుప్పు పడ్తది. చౌకీ పట్టి జర అటు పోయొస్తె మళ్ళ మనుషులు నిండుతరు. నువ్వే దాన్ని సగంల ఇడిసిపెట్టినవ్.”

“అయినా రెండోదే.”

“ఎందుకో చెప్పు మరి. మార్కులెయ్యి.”

“మార్కులేంది? మంచిగున్నది, గంతే.”

సంతోష్‌కు పేపర్లు దిద్దడం అలవాటు. పిల్లవాడు ఎవరి పేపర్ చూసి రాశాడో ఇట్టే పట్టేస్తాడు. “నీ ఓటు నువ్వెయ్యి బావ,” అన్నాడు. “వాని ఓటు కాదు.”

శ్రావణ్ చేతిలోని కంట్రోలర్‌ను చాప మీద పెట్టాడు. “దుకాణంల మోటర్ ఉన్నది,” అని లేచి చెప్పులేసుకున్నాడు. అతనిది బోరు మోటార్ల వైండింగ్ దుకాణం. ఆదివారం తెరవడు.

మానస వంటింట్లో నుంచి వచ్చేసరికి టీవీలో జీపు ఆగి ఉంది. చాప మీద ఎవరూ లేరు. తమ్ముడు కూడా వెళ్ళిపోయాడు. కూర అప్పుడే దించింది.

బామ్మర్ది ఆదివారం పూట బావ ఇంటికొచ్చి కోడికూర ముట్టకుండా పోవడాన్ని ఎల్లారెడ్డిలో చిన్న విషయంగా తీసుకోరు. పెళ్ళిళ్ళలో అలిగినవాళ్ళు కూడా తిన్నాకే అలుగుతారు. మానస పొయ్యి ఆపి, కామారెడ్డికి తల్లి అనసూయమ్మకు ఫోన్ చేసింది.

సాయంత్రం సంతోష్ ఇంట్లోకి అడుగుపెట్టేసరికి అనసూయమ్మ గడపలోనే ఉంది.

“తిన్నవా?”

“లేదమ్మ.”

“ఏమైంది?”

“ఆట కాడ బావకు నాకు మాట మాట అయింది.”

“ముప్పై ఏండ్లు దాటినయ్ నీకు. ఆట కోసం కూర ఇడిసిపెట్టి వస్తవా? జాగ సంగతేనా?”

ఎల్లారెడ్డి రోడ్డు మీద బావాబామ్మర్దులు కలిసి కొన్న ఇంటి జాగ ఒకటుంది. దాని గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకొని కూడా చాలా కాలమైంది.

“జాగ సంగతి కాదమ్మ.”

“నేనిట్ల అడిగిన్నో లేదో కాదంటున్నవ్. అంటె గదే.”

తండ్రి గంగారాం అంతా విన్నాడు. ఆయన అనుమానం వస్తే మాట్లాడడు, కొలుస్తాడు. మర్నాడు పొద్దున్నే టేపు పట్టుకొని జాగ దగ్గరికి పోయి నాలుగు దిక్కులా కొలిచాడు. హద్దురాళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. దాంతో ఆయన అనుమానం ఇంకాస్త పెరిగింది.

అనసూయమ్మ పర్శరాములుకు ఫోన్ చేసింది. పర్శరాములు ఎల్లారెడ్డిలో సంఘం పెద్దమనిషి. మానస పెళ్ళికి ఇరువైపులా మాట ఇచ్చి నిలబడింది ఆయనే. అట్లా నిలబడిన పెద్దమనిషి ఆ తర్వాత ఆ రెండిళ్ళ మధ్య ఏం జరిగినా జవాబుదారీ. ఆయన ఆ బాధ్యతను బరువుగా ఎన్నడూ భావించలేదు. పంచాయితీ లేని వారం ఆయనకు తిన్నది అరగదు.

“ఏందిరా శ్రావణ్, బామ్మర్దితోని ఏందో అయిందట?” అని అడిగాడు.

“ఏం లేదు పెద్దబాపు. ఫోన్లల్ల, టీవీల్ల ఆడుతరు చూడు, అసొంటి ఆట. దాని కాడ మాట పట్టింపు.”

“ఆటనా?”

“ఆటనే.”

పర్శరాములు ఫోన్ పెట్టేసి ఆలోచించాడు. ఫోన్లో ఆట ఆడి ఇండ్లూ వాకిళ్ళూ పోగొట్టుకున్నవాళ్ళ పంచాయితీలు ఆయన ఆ ఏడు రెండు చేశాడు. రెండూ పత్తాలాటలే, పేకముక్కల జూదం. ఇక్కడ ఆట ఉంది. బామ్మర్ది అలిగాడు. వియ్యంకుడు గంగారాం పొద్దున్నే టేపు పట్టుకొని జాగ కొలిచాడట. మూడూ కలిపి చూస్తే సంగతి తెలిసిపోయింది. ఆయన బయట ఎవరికీ చెప్పలేదు. భార్యకు మాత్రం చెప్పాడు.

బుధవారానికల్లా శ్రావణ్ పత్తాలాటలో జాగ పోగొట్టుకున్నాడన్న మాట లింగంపేట దాటింది. వైండింగ్‌కు ఇచ్చిన మోటార్లను రైతులు పని సగంలో ఉండగానే ట్రాలీల్లో వేసుకొని తీసుకుపోతున్నారు. ఎందుకని అడిగితే, “ఊకెనే” అంటున్నారు. ఒకాయన మాత్రం మర్యాదస్తుడు. “నిన్ను అనుడు కాదు శ్రావణ్. రాగితీగ అమ్ముడువోతదేమోనని మావోళ్ళు భయపడ్తున్నరు,” అని కారణం చెప్పి మరీ తీసుకుపోయాడు.

అదే రోజు కామారెడ్డిలో హెడ్మాస్టరు సంతోష్‌ను పిలిచాడు. తలుపు దగ్గరికి వేయించాడు.

“సంతోష్ సార్, మీ బావగారి సంగతి విన్న. మీరు కూడ ఆడుతరట. పిల్లల తల్లిదండ్రులకు తెలిస్తె మంచిగుండదు.”

“పైసల ఆట కాదు సార్. వీడియో గేమ్. ఆరు భాగాలున్నయి. వాటికి ర్యాంకులిస్తున్నం. అక్కడ పట్టింపు వచ్చింది.”

ర్యాంకులు అనగానే హెడ్మాస్టరు కుర్చీలో ముందుకు జరిగాడు. అది ఆయనకు తెలిసిన సంగతి.

“ఒకటో ర్యాంకు ఎంతమందికి ఇస్తున్నరు?”

“ఒక్కదానికే సార్.”

“అదే తప్పు. మనం పోయినేడు ఒకటో ర్యాంకు ఎంతమందికి ఇచ్చినం? ఒక్క తల్లిదండ్రయినా వచ్చి కొట్లాడిండ్రా? ఆరింటికీ ఒకటో ర్యాంకు ఇచ్చి ఫ్లెక్సీ కొట్టియ్యండి. సంగతి ఒడుస్తది.”

సంతోష్ ఆలోచిస్తానని చెప్పి వచ్చేశాడు.

బావకు రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. శ్రావణ్ ఎత్తడం లేదు. శుక్రవారం ఎత్తాడు.

“బావ, పనిల ఉన్నవా?”

“మోటర్లన్ని తీస్కపోయిండ్రు. ఖాళీగనే ఉన్న. అయినా మాట్లాడ.”

ఫోన్ పెట్టేశాడు. సంతోష్ ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని, వచ్చే ఆదివారం ఎట్లా ఉంటుందో ఊహించడానికి ప్రయత్నించాడు. పొద్దున లేస్తాడు. బస్సెక్కడు. ఆ తర్వాత ఏం చేస్తాడో తోచలేదు. స్నేహితుడు ఎట్లాగూ లేడు. ఇప్పుడు బావ కూడా లేకుండా చేసుకున్నాడు. ఒక్క మాటతో. ఆ మాటకు తప్పయిందని చెప్పాలంటే ముందు నవీన్ పేరు ఎత్తాలి. ఎట్లా ఎత్తాలో తెలియక శనివారం దాకా ఊరుకున్నాడు. శనివారం పర్శరాములే కబురు పంపాడు. ఆదివారం పంచాయితీ పెట్టామని, పదింటికల్లా రావాలని.

శ్రావణ్ ఇంటి ముందు రేకుల షెడ్డు కింద టెంటుహౌజ్ కుర్చీలు వేశారు. నడుమ పర్శరాములు. ఆయన పక్కన మైసన్న. ఈయన సగం జీవితం గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాడు కాబట్టి ఏ పంచాయితీలోనైనా లోకం చూసిన మనిషిగా ఒక కుర్చీ ఉంటుంది. ఒక పక్క అనసూయమ్మ, గంగారాం. ఆయన జేబులో టేపు ఉంది. గడప దగ్గర మానస, లోపలి గోడకు ఆనుకొని సుగుణమ్మ. కట్టుబాటు ప్రకారం తీర్పుకు కట్టుబడతామని ఇద్దరూ జమానతుగా ఏదో ఒక వస్తువు పెట్టాలి. సంతోష్ చేతిగడియారం విప్పి పెట్టాడు. శ్రావణ్ బండి తాళంచెవి పెట్టాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

“ఇప్పుడు చెప్పు పిల్లగా,” అన్నాడు పర్శరాములు. “భయపడకు. ఉన్నదున్నట్టు చెప్పు.”

సంతోష్ లేచి నిలబడి చెప్పాడు. ఆరు ఆటలని, నంబర్లు వేస్తున్నామని, రెండోదాన్ని తాను ఆరో నంబరులో పెడితే బావ ఒకటో నంబరులో పెట్టాడని, అక్కడ తానొక మాట తూలానని. ఆ మాట ఏమిటో చెప్పలేదు.

పెద్దమనుషులు మిగతా సంగతి కోసం ఎదురుచూశారు.

“సరే. ఇగ అసలుది చెప్పు,” అన్నాడు మైసన్న.

“ఇదే అసలుది మామ.”

పర్శరాములు శ్రావణ్ వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు.”

“వాడు చెప్పింది నిజమే పెద్దబాపు.”

పర్శరాములు మొహం గంభీరమైంది. ఇన్నేళ్ళ పంచాయితీల్లో రెండు పక్షాలూ ఒకే మాట చెప్పగా ఆయన వినలేదు. “ఇద్దరూ ఒక్కటే మాట చెప్తున్నరంటె ఇద్దరూ కలిసే దాస్తున్నరు,” అని తేల్చాడు. “టీవీ బయటికి తెండ్రి. పైసల ఆటనా కాదా, చూస్తె ఎరుకైతది.”

టీవీ షెడ్డు కిందికి వచ్చింది. శ్రావణ్ మొదటి భాగం పెట్టాడు. పెద్దమనుషులు పైసల కోసం చాలాసేపు వెతికారు. కనిపించలేదు. కనిపించింది భూమి.

“గీ భూమి ఎవ్వలిది?” అని అడిగాడు పర్శరాములు.

“ఎవ్వలిది కాదు మామ. ఎటంటె అటు పోవచ్చు,” అన్నాడు సంతోష్.

“గట్లెట్ల? పట్టా ఎవ్వలి పేరు మీదున్నది?”

“పట్టా ఉండదు.”

“సర్కారు భూమి అన్నట్టు,” అన్నాడు గంగారాం. ఆ వారంలో ఆయన బయటికి అన్న మొదటి మాట అదే.

పెద్దమనుషుల్లో ఒక రకమైన శ్రద్ధ పుట్టింది. నంబర్లు వేయడమే పని అయితే, నంబర్లు ఎట్లా వేయాలో వాళ్ళకు తెలుసు. మొదటి భాగం సముద్రం ఒడ్డు. బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయని పక్కన పెట్టారు. మూడోది అడవి. సంతోష్ దాన్ని ఎంతో ఆశతో చూపించాడు గానీ, “అటవీ శాఖోళ్ళు దున్ననిస్తరా?” అని అడిగి దాన్నీ పక్కన పెట్టారు. నాలుగోది మంచు. ఐదోది ఎడారి, నూనెబావులు. మైసన్న దానివైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు. “అది నాకు చూపెట్టకుండ్రి. నేను సూసిన,” అన్నాడు. ఆరోది పట్నం. దున్నడానికి జాగే లేదని దాటేశారు.

చివర రెండోది పెట్టారు. చుట్టూ బయలు, మోకాలెత్తు గడ్డి. శ్రావణ్ జీపును మట్టిరోడ్డు మీద నడిపిస్తున్నాడు.

“ఆగు ఆగు,” అన్నాడు పర్శరాములు. “కిందికి చూపెట్టు. మన్ను చూపెట్టు.”

శ్రావణ్ చూపించాడు.

“నల్లరేగడి,” అన్నాడు గంగారాం.

“అగో, వాగు కూడ పారుతున్నది,” అన్నాడు మైసన్న. “మనుషులు పల్చగున్నరు. హద్దు తగాదాలుండయి.”

“అయితె ఇదే ఒకటో నంబర్,” అన్నాడు పర్శరాములు. “శ్రావణ్ చెప్పిందే కరెక్టు. సంతోషు, నీకు సోషల్ ఎవ్వలు చెప్పిండ్రు?”

సంతోష్ జవాబు చెప్పేలోపల టీవీలో జీపు ఆగిపోయింది. ముందు నుంచి పొగ వచ్చింది. ఆటలోని మనిషి దిగి, మూత ఎత్తి, పాన పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు.

“గీ బండి నాకెరుకే,” అంది లోపలి నుంచి సుగుణమ్మ.

అందరూ అటు చూశారు. ఆమె గోడ దగ్గర నుంచి గడప దాకా వచ్చింది.

“మా నవీన్‌ది. పొద్దున లేస్తె దీన్ని తిట్టుడే పని. దీని తుప్పు పాడుగాను, దీన్ని చేసినోన్ని మోకులతోని కట్టెయ్య, అనుకుంట బాగుచేసుకునేటోడు.”

ఆ ఇంట్లో ఆ పేరు అంత మామూలుగా వినిపించి ఏడాది అవుతోంది. శ్రావణ్ చేతిలో కంట్రోలర్ అట్లాగే ఉంది. సంతోష్ ముందుగా తేరుకున్నాడు.

“తిట్టుడా అత్తమ్మ? వానికి ఇదంటేనే ఇష్టం కద. ఎప్పుడూ దీన్నే ఒకటో నంబర్ల పెట్టేటోడు.”

“ఇష్టమా? ఆరిట్ల గిదే అధ్వాన్నం అనేటోడు. మరి మంచిదని వాళ్ళతోని ఎందుకు కొట్లాడ్తవ్‌రా అని అడిగిన.” సుగుణమ్మ కొంగు సర్దుకుంది. “లెక్క తేలితే సంతోష్ గాడు ఆదివారం ఎందుకొస్తడవ్వా, అన్నడు.”

బజారులో బియ్యం ధర చెప్పినట్టు చెప్పింది. చెప్పి, అక్కడే గడప మీద కూర్చొని, జీపు వైపు చూడసాగింది.

షెడ్డు కింద టీవీలో పాన తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అది ఎంతసేపు తిరగాలో అంతసేపూ తిరిగింది. తర్వాత జీపు అందుకుంది. శ్రావణ్ దాన్ని నడపలేదు. పర్శరాములు వైపు తిరిగాడు.

“పెద్దబాపు, నా ఓటు మార్సుకుంటున్న. రెండోది ఆరో నంబరే. సంతోషు అన్నదే నిజం.”

“మార్సుకుంటున్నవా? తీర్పు నీ దిక్కు వచ్చినంక మార్సుకుంటవా?”

“అవును. అది నా ఓటు కాకుండె.”

పర్శరాములు మైసన్నను చూశాడు. మైసన్న తల ఊపాడు. “అయితె ఇద్దరూ ఒక్కటైనట్టే,” అన్నాడు పర్శరాములు, కొంచెం నిరాశగా. “లెక్క తేలింది. పంచాయితీ తెగింది. ఎవ్వల జమానతు వాళ్ళు తీస్కపోండ్రి.” గడియారాన్ని సంతోష్ వైపు జరిపాడు.

సంతోష్ గడియారం అందుకోలేదు. బావను చూశాడు. బావ కూడా వారం తర్వాత మొదటిసారి అతని కళ్ళలోకి చూస్తున్నాడు. కోపం లేదు. ఇక చెప్పుకోవలసింది కూడా ఏమీ మిగలలేదు. ఆరో నంబరు ఏదో ఒప్పుకున్నాక, ఒకటో నంబరు తేలడానికి ఒక పూట చాలు.

“జర ఆగుండ్రి మామ,” అన్నాడు సంతోష్. “నేను ఒప్పుకోను. రెండోది ఒకటో నంబర్.”

శ్రావణ్ కంట్రోలర్‌ను పక్కన పెట్టాడు. “నువ్వే కద ఆరో నంబర్ అన్నవ్.”

“అన్న. అప్పుడు మన్ను చూడలే.”

“మార్కులేసుకొని అచ్చినవ్.”

“మళ్ళ దిద్దుతున్న. పిల్లలకు దిద్దుతలేమా?”

అనసూయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శ్రావణ్ కుర్చీలో నుంచి లేచాడు. మాట గట్టిగానే వచ్చింది. “గట్లెట్లయితది? జీపు కిలోమీటరుకొక్కసారి ఆగుతది. తుపాకీ తుప్పు పడ్తది. దానికి ఒకటో నంబరా? తెలివుండే మాట్లాడుతున్నవా?”

“మంచిగున్నది. గంతే.”

“మార్కులెయ్యి మరి.”

“మార్కులేంది?”

పర్శరాములు చేయెత్తి ఇద్దరినీ ఆపాడు. ఆయన మొహంలోకి మళ్ళీ కళ వచ్చింది. గడియారాన్నీ తాళంచెవినీ రుమాల్లో మూటగట్టి జేబులో వేసుకొని, పంచాయితీని వచ్చే ఆదివారానికి వాయిదా వేశాడు. అప్పటిదాకా ఇద్దరూ ఒకే చాప మీద కూర్చోవాలని, ఒకే గిన్నెలో కూర తినాలని ఆజ్ఞాపించాడు. బండి లేకుండా దుకాణానికి ఎట్లా పోవాలని శ్రావణ్ అడిగితే, నడవమన్నాడు.

పెద్దమనుషులు వారం వారం శ్రావణ్ ఇంటి ముందు కూర్చోవడం చూసి, రైతులు మోటార్లను ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చిచ్చారు. ఎందుకని అడిగితే, “ఊకెనే” అన్నారు. గంగారాం కూడా ఆదివారాలు వస్తున్నాడు. ఆ వాగు ఎండాకాలం పారుతుందో లేదో చూస్తే తప్ప మాట చెప్పలేనంటున్నాడు. సుగుణమ్మ గడప మీద నుంచి చాప మీదికి జరిగింది. ఏడో భాగం వచ్చి చాలా రోజులైంది, ఇంకా కొనలేదు.

తీర్పు ఇప్పటిదాకా రాలేదు గానీ, అటవీ శాఖ అనుమతి లేకుండానే మూడో భాగంలో పర్శరాములు రెండు చౌకీలు పట్టాడు.